గేటు పక్క స్తంభం

“గేటు పక్క స్తంభం ఒక్కదానికే ఏమీ కాలేదేంరా?”

నిన్న సాయంత్రం నుంచి మావగారు నోరు విప్పి అన్న మొదటి మాట అది. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంది. కొడుకు మొహంలోకి చూడలేదాయన. నీళ్ళ గ్లాసుతో మాట్లాడుతున్నట్టు అడిగారు.

వంటింటి గుమ్మంలో కోడలు ఆగిపోయింది. చంకలో పాప, చేతిలో పాలగ్లాసు. ముందుకు రావాలో, వెనక్కి పోవాలో తెలియలేదు.

“ఒక్కదానికైనా కానందుకు సంతోషించండి నాన్నా!” భర్త నవ్వబోయాడు. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

“సంతోషం సంగతి తర్వాత. ఎందుకు కాలేదని అడుగుతున్నా.”

“నాకేం తెలుసు? భూకంపాన్ని అడగండి.”

“దాన్ని అడిగే వచ్చాను నిన్న. అది నిన్నే అడగమంది.”

అత్తగారు గరిటె గిన్నెలో ఠంగున పడేసింది. “కంచం ముందు కూడా ఆ కాంక్రీటేనా? మొన్న భూమి ఊగింది అర నిమిషం. మీరు నిన్నట్నించీ ఇంటిల్లిపాదినీ ఊపుతున్నారు!”

ఎవరూ నవ్వలేదు.

మొన్న పొద్దున భూమి కదిలినప్పుడు ఈ ఇంట్లో చెంచా కూడా జారలేదు. బీరువాలన్నిటికీ వెనకాల ఇనప పట్టీ వేసి గోడకి బిగించారు మావగారు. సీసాలు జారకుండా అలమర అరలకి అంచులు కొట్టించారు. పాప ఉయ్యాల మీద గడియారం కూడా ఉండనివ్వలేదు. భూకంపాలకి నిలబడే కట్టడాల మీదే ఆయన బతుకంతా గడిచింది. యూనివర్సిటీలో ఓ పెద్ద ఇనప బల్ల మీద చిన్న చిన్న స్తంభాలు నిలబెట్టి, బల్లని యంత్రంతో ఊపి, ఏది ఎక్కడ విరిగిందో చూడడం, ఎందుకు విరిగిందో పిల్లలకి చెప్పడం ఆయన ఉద్యోగం. “నన్నూ గోడకి బిగించేవారే. ఒకచోట నిలబడను గనక బతికిపోయాను” అని అత్తగారు వచ్చినవాళ్ళందరితో అంటూ ఉంటుంది.

కానీ ఊరికి ఆ చివర కొడుకు కట్టిన అయిదంతస్తుల బిల్డింగుకి మాత్రం అదే అర నిమిషంలో మరో రకంగా జరిగింది. పైన ఇళ్ళు బాగానే ఉన్నాయి. కింద కార్లు పెట్టుకునే చోట, మొత్తం బరువు మోస్తున్న స్తంభాలకి పెచ్చులూడాయి. కొన్నిటికి లోపలి ఇనుము కనబడుతోంది. గేటు పక్క స్తంభం మాత్రం నిన్న కట్టినట్టుంది.

ఆ బిల్డింగులో మూడో అంతస్తులో కోడలి అక్క కాపురం ఉంటోంది. బావ, ఇద్దరు పిల్లలు.

“చెప్పు” అన్నారు మావగారు. “ఎన్ని స్తంభాల్లో వంచావు ఇనప రింగుల కొనలు, నేను చెప్పినట్టు?”

భర్త కుర్చీ వెనక్కి తోశాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

“ఒక్కదాన్లో.”

పాప పాలగ్లాసు లాగింది. నాలుగు చుక్కలు నేల మీద పడ్డాయి. కోడలు తుడవలేదు.

“ఒక్కదాన్లో!” మావగారు ఆ మాటని నోట్లోనే నమిలారు. “సరిగ్గా నేను చూసినదాన్లో.”

“మీరు ఏది చూస్తారో తెలుసు గనక. చిన్నప్పట్నించీ మీ వెనకాల సైట్లు తిరిగినవాణ్ణి, నాకు తెలీదా? కారు దిగుతారు. గేటు పక్క పిల్లరు తడుముతారు. రింగు కొన వేలితో లాగి చూస్తారు. మోకాళ్ళు పట్టేశాయంటారు. తల ఊపి వెళ్ళిపోతారు. వేరే సైట్లలో అయితే మీ స్టూడెంట్లు లోపలికి పోయి చూసేవాళ్ళు. నా సైటుకి వాళ్ళని కూడా తీసుకురాలేదు మీరు.”

“కొడుకు సైటని తీసుకురాలేదు.”

“కదా! మరి ఇప్పుడు కొడుకని ఎందుకు గుర్తు లేదు?”

అత్తగారు “ఒరేయ్” అంది నెమ్మదిగా. ఆ “ఒరేయ్” ఎవరికీ వినబడలేదు.

“మిగతా వాటికి ఏమొచ్చింది?” అన్నారు మావగారు.

“మేస్త్రీ వంచనన్నాడు. అంత ఇనుము మధ్య చెయ్యి దూరట్లేదు, కొనలు లోపలికి వంచుతూ కూచుంటే ఈ జన్మకి పిల్లర్లు లేవవన్నాడు. ఇళ్ళు ఎప్పుడిస్తావని జనం నా పీక మీద కూచున్నారు. అందరూ ఎలా కడుతున్నారో అలాగే కట్టాను! ఏ బిల్డింగైనా పగలగొట్టి చూడండి ఈ ఊళ్ళో, అలాగే ఉంటుంది.”

“ఊళ్ళో వాళ్ళందరికీ నేను తండ్రిని కాదుగా.”

“అదృష్టవంతులు!”

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. మావగారు ముద్ద కలిపినట్టు చేసి మళ్ళీ వదిలేశారు.

భర్త గొంతు తగ్గింది. ఇంతసేపూ మీరు అంటున్నవాడు నువ్వులోకి దిగాడు. కోపంలో దిగాడో, చిన్నతనంలోకి దిగాడో కోడలికి తెలియలేదు.

“ఆ ఒక్క పిల్లరు ఎవరు కట్టారనుకున్నావు నాన్నా? మేస్త్రీ కాదు. నేను. వాణ్ణి పక్కకి పొమ్మని ఒక్కో రింగూ నా చేత్తో వంచాను. అరచేతులు బొబ్బలెక్కాయి. నువ్వొచ్చి చూసి ఏమన్నావు? ‘శభాష్‌రా’ అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నీ నోట ఆ మాట వినడం అదొక్కసారే. లెక్కల్లో తొంభై ఏడొస్తే ఆ మూడూ ఏమయ్యాయన్నవాడివి. ఆ ఒక్క మాటా వచ్చేసింది. ఇంకా మిగతావి ఎవరి కోసం వంచను?”

“పైన పడుకునే వాళ్ళ కోసం” అన్నారు మావగారు.

 పంపులోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

“బిల్డింగు వాళ్ళు సాయంత్రం పార్కింగులో మీటింగు పెట్టారు” అన్నాడు భర్త. మళ్ళీ మీరులోకి వచ్చేశాడు. “అందరూ మీ కోసమే చూస్తున్నారు. వచ్చి భయం లేదని రెండు ముక్కలు చెప్పండి చాలు. తర్వాత చప్పుడు లేకుండా ఒక్కో పిల్లరుకీ చుట్టూ కాంక్రీటు తొడుగు వేయిస్తాను. ఒట్టు.”

“తొడుగు వెయ్యాలన్నా ముందు జనాన్ని దింపాలి. ఇంకో కుదుపొస్తే?”

“రాకపోతే?”

“రాదని నేను చెప్పలేను.”

“వస్తుందనీ చెప్పలేరుగా! జీవితమంతా ఇదే చదివారు, ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేరు. కాయితాల్లో అంతా సవ్యంగానే ఉంది. డిజైను చూసి సంతకం పెట్టింది మీరే, అది కూడా గుర్తుంచుకోండి.”

“కాయితం మీద ఎవరూ కాపురం ఉండరు.”

“ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మీరు రచ్చ బాగానే గెలిచారు నాన్నా.” భర్త చెయ్యి కడుక్కోకుండానే బయటికి వెళ్ళిపోయాడు.

మావగారు కంచాన్ని నెమ్మదిగా పక్కకి జరిపారు. దాని అంచు బల్ల అంచుకి రాకుండా, లోపలికి జరిపారు. అలవాటు.

*

“నువ్వేం వినలేదు” అంది అత్తగారు వంటింట్లో. గిన్నెలు తోమే చెయ్యి ఆగలేదు.

“విన్నాను అత్తయ్యా.”

“నేను వినలేదంటున్నాగా. అయితే నువ్వూ వినలేదు.”

“మా అక్క అక్కడుంది.”

“నా కొడుకు ఇక్కడున్నాడు.”

కోడలు పాపని ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుంది. ఈ రెండు రోజులుగా పాపని కింద దించితే ప్రాణం ఒప్పుకోవడం లేదామెకి. నిద్రలో ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది. అలా చూసినప్పుడల్లా అక్క పిల్లలు గుర్తొస్తారు. ఇద్దరూ ఒకే దుప్పట్లో, కాళ్ళు ఒకరి మీద ఒకరు వేసుకుని పడుకుంటారు. వాళ్ళ కింద రెండంతస్తులు. ఆ కింద పెచ్చులూడిన స్తంభాలు.

ఆ ఇంట్లో వాళ్ళని చేర్చింది ఎవరు? తనే. “మా మావయ్య స్వయంగా చూసి శభాష్ అన్న బిల్డింగక్కా, కళ్ళు మూసుకుని చేరిపో” అంది. అక్క నిజంగానే కళ్ళు మూసుకుని చేరింది.

“ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?” అత్తగారు గొంతు తగ్గించింది. “ఆయన నోరు జారితే వాడు జైలుకి పోతాడు. రేపు నీ కూతుర్ని ఎవరి కూతురంటారు? అది ఆలోచించావా? నీకు మీ అక్క గురించి భయమైతే ఏదో వంక చెప్పి పిలిపించుకో. పాపకి ఒంట్లో బాలేదను, నాకు బాలేదను. నాలుగు రోజులు ఉంచుకో, నేను కాదంటానా? మిగతా వాళ్ళ సంగతి...”

మాట మధ్యలో ఆగిపోయింది.

“మిగతా వాళ్ళకి చెల్లెళ్ళు లేరా అత్తయ్యా?”

అత్తగారు తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

*

అక్కే ఫోను చేసింది, మధ్యాహ్నం, పాపకి జోకొడుతుండగా.

“బుజ్జీ, మీ ఆయన బంగారం తల్లీ! పొద్దున్నే మనుషుల్ని పంపాడు. కింద పిల్లర్లన్నిటికీ సిమెంటు పూసేస్తున్నారు. సాయంత్రానికి పెళ్ళికూతుళ్ళలా తయారవుతాయి చూడు.”

“పూసేస్తున్నారా?”

“పూయకపోతే ఎలా? చూసినవాళ్ళందరికీ గుండె దడ. పైవాటావిడ పుట్టింటికి పోతానని బట్టలు సర్దేసుకుంది. నేనే ఆపాను. మా బుజ్జి మావగారు చూసిన బిల్డింగమ్మా, ఆయన తన ఇంట్లో చీపురు కూడా గోడకి బిగించి పెడతారు, అలాంటి మనిషి శభాష్ అన్నారంటే మాటలా అన్నాను. పెట్టె దించేసింది.”

కోడలు పాప నుదుటి మీద చెయ్యి వేసింది. “అక్కా, పాపకి ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. పిల్లల్ని తీసుకుని వచ్చి నాలుగు రోజులు ఉండకూడదూ?”

“ఒళ్ళు వెచ్చగా ఉంటే నా పిల్లల్ని తెచ్చి వాళ్ళకీ అంటిస్తానా? పిచ్చిమొహమా!” అక్క పకపకా నవ్వింది. అంతలోనే ఆగింది. “ఏం దాస్తున్నావే?”

తలుపు దగ్గర అలికిడైంది. భర్త. చొక్కా మార్చుకోవడానికి వచ్చినవాడు, బొత్తాం మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డాడు. చూపులో బెదిరింపు లేదు. అదుంటే బాగుండేది. వాన్నీళ్ళు ఇంట్లోకి వస్తుంటే అడ్డంగా ఏ గుడ్డ పెట్టాలో తెలియని మనిషిలా చూస్తున్నాడు.

“ఏం దాస్తాను? ఏం లేదక్కా.”

“సరే, సాయంత్రం మావగారితో నువ్వూ రా. టీ తాగి వెళ్దురు.”

ఫోను పెట్టేసింది. భర్త బొత్తాం పెట్టుకున్నాడు.

“మంచి పని చేశావు” అన్నాడు.

పెళ్ళయ్యాక ఆయన తనని మెచ్చుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఈ మెప్పు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి అర్థం కాలేదు. పాప నిద్రపోయినా జోకొడుతూనే ఉంది.

*

“తల్లీ, గుప్పెడు చీపురు పుల్లలు, కాస్త దారం ఇస్తావా?”

మావగారు తన గది గుమ్మంలో నిలబడి అడిగారు. కోడలు ఆయన మొహంలోకి చూసింది. ఎందుకు అని అడగనవసరం లేదు.

కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి అడిగింది తను, “మీరు రోజంతా ఆ బల్ల ఊపి ఏం చూస్తారు మావయ్యా?” అని. ఆయన వెంటనే అత్తగారి కొత్త చీపురు విప్పేశారు. గుప్పెడు పుల్లలు రెండు కట్టలు చేశారు. ఒక కట్టకి దారం చుట్టి, కొసలు లోపలికి దూర్చి ముడేశారు. రెండోదానికి ఊరికే చుట్టి వదిలేశారు. పైకి చూస్తే రెండూ ఒకటే. రెండు అరచేతుల మధ్య నిలువునా పెట్టి మొదటిదాన్ని నొక్కారు. గట్టిగా నిలబడింది. రెండోదాన్ని నొక్కితే దారం జారి, పుల్లలు నాలుగు పక్కలా విచ్చుకుపోయాయి. “స్తంభంలో నిలువు చువ్వల చుట్టూ వేసే రింగూ ఇంతే తల్లీ. కొన లోపలికి వంగితే కాంక్రీటు గుండెని పట్టుకుంటుంది. వంగకపోతే పై పెచ్చు ఊడిన రోజున అదీ ఊడుతుంది” అన్నారు. అత్తగారు వచ్చి “చీపురు కూడా మిగల్చరా?” అని వెంటపడింది.

ఆ రోజు ముగ్గురూ నవ్వారు.

ఇప్పుడు ఆయన మంచం మీద కూర్చుని పుల్లలు రెండు కట్టలు చేశారు. మొదటి కట్టకి ముడి పడడానికి చాలాసేపు పట్టింది.

“ముందు మంచిది చూపించాలి” అన్నారు తనలో తను అనుకుంటున్నట్టు. “ఎప్పుడు పాఠం చెప్పినా అంతే. మంచిదేదో తెలిస్తే గాని చెడ్డది కంటికి ఆనదు.”

“ఇవాళ చెప్తారా మావయ్యా? అందరి ముందూ?”

“చెప్పాలి.”

“మరి ఆయన...”

“ఇంకొకడు కనిపెట్టి చెప్తే మనవాడు దొంగవుతాడు. నేను చెప్తే తప్పు చేసినవాడవుతాడు. ఆ మాత్రం తేడా ఉంచగలను వాడికి. అంతకంటే ఏమీ చెయ్యలేను.”

రెండో కట్టకి దారం ఊరికే చుట్టారు. రెండిటినీ చొక్కా జేబుల్లో చెరొకటి పెట్టుకున్నారు. తర్వాత, కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు.

“మోకాళ్ళ నొప్పికి లోపలికి వెళ్ళలేదనుకుంటున్నాడు వాడు. నొప్పి లేదు ఆ రోజు. శభాష్ అన్నాక వాడి మొహం చూశాను. రెండో స్తంభం దగ్గరికి వెళ్తే అందులో ఏ తప్పు కనబడుతుందో, మళ్ళీ ఆ మొహం ఎలా మారుతుందోనని భయమేసింది. వెళ్ళి కార్లో కూర్చున్నాను.”

కోడలు కిందికి వంగింది. నేల మీద పడిన పుల్లలు ఏరి చేత్తో పట్టుకుంది.

“నువ్వు కూడా రా తల్లీ” అన్నారు. “నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.”

*

పార్కింగంతా తడి సిమెంటు వాసన. స్తంభాలు నున్నగా, ముదురు రంగులో మెరుస్తున్నాయి. పిల్లలు వాటి చుట్టూ తిరుగుతూ దొంగాట ఆడుతున్నారు. అక్క చిన్న కూతురు ఒక స్తంభాన్ని వాటేసుకుని “ఇది నా ఇల్లు!” అని అరుస్తోంది. గౌనుకి సిమెంటు అంటినందుకు అక్క కేకలేస్తోంది.

కార్లు బయట పెట్టించి కుర్చీలు వేశారు. బిల్డింగు సంఘం ప్రెసిడెంటు, రిటైరైన పెద్దమనిషి, ఎదురొచ్చి మావగారి చెయ్యి పట్టుకున్నాడు. “రండి మాస్టారూ! మీరొచ్చారు, మాకు సగం భయం పోయింది.”

“మిగతా సగం ఉంచుకోండి” అన్నారు మావగారు. ప్రెసిడెంటు అది వేళాకోళమనుకుని గట్టిగా నవ్వాడు.

అత్తగారు గోడ వారగా నిలబడింది. రావద్దన్నా వచ్చింది. భర్త కుర్చీలు సర్దుతున్నాడు. సర్దినవే సర్దుతున్నాడు.

మావగారు కుర్చీలో కూర్చోలేదు. నెమ్మదిగా నడుచుకుంటూ గేటు పక్క స్తంభం దగ్గరికి వెళ్ళారు. దాని మీద అరచెయ్యి ఆనించారు. క్లాసులో అలాగే నిలబడతారు కాబోలు, గొంతు ఒక్కసారిగా నిటారైంది.

“అందరూ ఇటు చూడండి. ఈ స్తంభం కట్టాల్సిన పద్ధతిలో కట్టింది.”

కుడి జేబులోంచి మొదటి కట్ట తీశారు. రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కారు. ఇంకా నొక్కారు. చేతులు ఎర్రబడ్డాయి. కట్ట చెక్కు చెదరలేదు.

“లోపల ఇనుము ఇలా ముడిపడి ఉంది. మొన్న ఎంత ఊగినా గీత పడలేదు. దీనికి ఢోకా లేదు. కట్టిన చెయ్యి...” ఒక్క క్షణం ఆగారు. “కట్టిన చెయ్యి మంచి పని చేసింది.”

చివరి వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. అంతే, అందరూ అందుకున్నారు. వాన పడ్డట్టు చప్పట్లు. పైవాటావిడ కళ్ళు తుడుచుకుంది. ప్రెసిడెంటు లేచి “విన్నారుగా! స్తంభం పట్టుకుని మరీ చెప్పారు మాస్టారు. ఇంకా ఎవరికైనా అనుమానాలున్నాయా?” అన్నాడు. “లేవు, లేవు” అన్నారు చాలామంది.

“ఇంకా ఉంది...” అన్నారు మావగారు. చప్పట్లలో ఆ మాట దగ్గరున్నవాళ్ళకే వినబడింది. ఎడం చెయ్యి రెండో జేబులోకి వెళ్ళింది.

అప్పుడు భర్త వచ్చాడు. జనంలోంచి తోసుకుంటూ వచ్చి తండ్రి కుడి చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. నటన కాదని కోడలికి తెలుసు. “నాన్నా” అన్నాడు. అంతే. ఇంకే మాటా అనలేదు.

మావగారు కొడుకు మొహం చూశారు.

కోడలు ఎదురుచూసింది. ముందు మంచిది, తర్వాత చెడ్డది. ఆయన పాఠం సగంలో ఆపే మనిషి కాదు. ఆ చెయ్యి ఇప్పుడు వస్తుంది బయటికి. ఇదిగో, వస్తోంది.

వచ్చింది. ఖాళీగా వచ్చింది.

మావగారు దగ్గర్లో ఉన్న కుర్చీ మీద కూలబడ్డారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. గోడ వారగా అత్తగారు గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఇక్కడిదాకా వినబడినట్టనిపించింది కోడలికి.

జనం లేచారు. కుర్చీలు మడిచేస్తున్నారు. పైవాటావిడ, సర్దిన బట్టలు మళ్ళీ ఇస్త్రీ చేసుకోవాలని నవ్వుతూ మెట్లెక్కింది. అక్క చిన్నదాన్ని ఎత్తుకుంది, పెద్దదాని చెయ్యి పట్టుకుంది.

“చూశావా, నేను ముందే చెప్పలే అందరికీ? పద పద, టీ పెడతాను. మావగారిని కూడా తీసుకురా” అంటూ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

చిన్నది తల్లి భుజం మీంచి పిన్నిని చూసి చెయ్యూపింది. వేళ్ళకి ఇంకా తడి సిమెంటు ఉంది.

“అక్కా, మెట్లెక్కకు.”

అంత గట్టిగా అన్నానని ఆమెకే తెలియలేదు. కుర్చీల చప్పుడు ఆగింది. దొంగాట ఆగింది.

అక్క వెనక్కి తిరిగింది. “ఎందుకే?”

కోడలు నోరు తెరిచింది.  భర్త కేసి చూడలేదు, చూస్తే ఇంక ఎప్పటికీ అనలేనని తెలుసు. మావగారి కేసి చూసింది. ఆయన తల ఎత్తలేదు. కానీ చెయ్యి మళ్ళీ ఎడం జేబులోకి వెళ్ళింది. ఈసారి రెండో కట్టతో వచ్చింది. ఎవరికీ చూపించలేదు దాన్ని. తల వంచుకునే కోడలి వైపు చాపారు.

ఆమె వెళ్ళి తీసుకుంది. పుల్లలు తేలిగ్గా ఉన్నాయి. ఊరికే చుట్టిన దారం అప్పుడే కాస్త వదులైంది.

“ఏమిటది?” అన్నాడు ప్రెసిడెంటు. “ఏంటమ్మా అది?” అన్నారు ఇంకెవరో. మెట్ల మీదున్న వాళ్ళు రెండు మెట్లు కిందికి దిగారు. భర్త ఆమె పేరు పెట్టి పిలిచాడు, చాలా మెల్లగా.

నొక్కాలంటే రెండు చేతులూ కావాలి. ఒక చేతిలో పాప ఉంది.

కోడలు గోడ వారగా నిలబడ్డ అత్తగారి దగ్గరికి నడిచి, పాపని అందించబోయింది.

అత్తగారు చేతులు కట్టుకుని అలాగే నిలబడింది.